గాల్లో పురుగులు పట్టే పిట్టలు, మన పొలాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరు, తెనాలి, విజయవాడ చుట్టుపక్కల పొలం గట్ల మీద మెడలో బైనాక్యులర్ వేసుకుని నిలబడితే, దారిన పోయేవాళ్లు తప్పకుండా బండి ఆపుతారు. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "సర్వే వాళ్లా అండీ?" కాదు, పిట్టల్ని చూస్తున్నానంటే ముందు నవ్వుతారు. తర్వాత అసలు ప్రశ్నలు మొదలవుతాయి. అలా ఎక్కువసార్లు ఎదురైన ప్రశ్నలు, వాటికి నాకు తెలిసిన జవాబులు ఇవి.

గాల్లో పురుగులు తినే పిట్టలంటే ఏవి? మన దగ్గర ఉన్నాయా?

ఉన్నాయి. రోజూ చూస్తూనే ఉంటారు, పేరే తెలియకపోవచ్చు.

కరెంటు తీగ మీద నల్లగా, చీలిన తోకతో కూర్చుని, ఉన్నట్టుండి ఎగిరి, గాల్లోనే పురుగుని అందుకుని మళ్లీ అదే చోటికి వచ్చి వాలేది పసుల పోలిగాడు. కొన్ని ఊళ్లలో ఏట్రింత అంటారు. కాకిని, గద్దని కూడా లెక్కచేయదు, గూటి దగ్గరికొస్తే తరిమి తరిమి పొడుస్తుంది. అది గూడు కట్టిన చెట్టు మీదే వేరే చిన్న పిట్టలు కూడా గూళ్లు కట్టుకోవడం చూశాను. కాపలా ఉచితం కదా.

సన్నగా, ఆకుపచ్చగా, తోక మధ్యలో సూదిలాంటి ఈకలతో ఉండేది పసిరిక పిట్ట. తేనెటీగని పట్టుకొచ్చి కొమ్మకేసి నాలుగు బాది, ముల్లు సంగతి తేల్చాకే మింగుతుంది. కాలువ గట్టుల్లో, ఇసుక దిబ్బల్లో బొరియ తవ్వి గుడ్లు పెడుతుంది.

ఇక వానకోవెలలు. చలికాలంలో తీగల మీద దండ గుచ్చినట్టు వరసగా కూర్చునేవి ఎక్కువగా ఇవే. మామూలు వానకోవెల బరువు 20 గ్రాములు కూడా ఉండదు. ఉత్తరాది చలి ప్రాంతాల్లో పిల్లల్ని చేసి, సెప్టెంబరు, అక్టోబరుల్లో ఇటు దిగి, ఏప్రిల్ లోపు వెళ్లిపోతుంది. ఎర్ర నడుముది, సన్న తీగల్లాంటి తోక ఈకలున్నది ఇక్కడే కాపురం ఉండే రకాలు. కాలువల మీది కల్వర్టుల కింద మట్టి ముద్దలతో గిన్నెలాంటి గూడు కట్టేది ఆ తీగతోకదే.

చివరగా స్విఫ్టులు. వీటికి అందరి నోటా ఆడే తెలుగు పేరు నాకు దొరకలేదు. గుళ్ల మండపాల్లో, పాత మేడల చూరు కింద, వంతెనల అడుగున గుంపుగా కాపురం ఉండేది ఒక రకం. తాటి మట్టల కింద ఉండేది ఇంకో రకం, దాని సంగతి కింద విడిగా చెబుతాను.

వానకోవెలకీ స్విఫ్టుకీ తేడా ఎలా తెలుస్తుంది?

తీగ మీద కూర్చుంటే అది స్విఫ్టు కాదు. స్విఫ్టు కాళ్లు మరీ పొట్టివి, గోడకో మట్టకో గోళ్లతో వేలాడటానికే పనికొస్తాయి. గాల్లో రెక్కలు కొడవలిలా వంగి ఉంటాయి.

పిట్టలు తగ్గాయంటారు. ఉప్పలపాడు వెళ్తే చెట్టు కనపడనన్ని ఉన్నాయి కదా?

గుంటూరు దగ్గరి ఉప్పలపాడు పక్షుల చెరువులో ఉండేవి గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు. చేపలు తిని బతికే పెద్ద పక్షులు. చెరువూ చెట్లూ ఉండి, ఊరివాళ్లు కాపాడితే అవి నిలబడతాయి, అక్కడివాళ్లు ఆ పని చేశారు. అది మెచ్చుకోవాల్సిన విషయమే. కానీ గాల్లో పురుగులు తినే పిట్టకి కాపలా పెట్టగల చెరువంటూ ఒకటి ఉండదు. దాని చెరువు మన పొలాల మీద ఉన్న గాలి. ఆ గాలిలో పురుగుంటే అది ఉంటుంది.

తగ్గాయనడానికి లెక్కలున్నాయా, లేక పెద్దవాళ్ల జ్ఞాపకాలేనా?

రెండూ ఉన్నాయి. ముందు లెక్కలు చెబుతాను.

ఉత్తర అమెరికాలో 1970 నుంచి సుమారు 290 కోట్ల పక్షులు తగ్గాయని 2019లో శాస్త్రవేత్తలు లెక్క తేల్చారు. అందులో గాల్లో పురుగులు పట్టే జాతులు దాదాపు మూడో వంతు పోయాయి. జర్మనీలో పురుగుల్నే తూకం వేశారు. రక్షిత ప్రాంతాల్లో వలలు కట్టి, పడ్డ ఎగిరే పురుగుల బరువు 27 ఏళ్లపాటు చూస్తే 75 శాతానికి పైగా తగ్గింది. అది 2017లో అచ్చయింది. ఆ వలలు కట్టింది పొలాల్లో కూడా కాదు, పొలాల మధ్య మిగిలిన రక్షిత స్థలాల్లో. డెన్మార్క్‌లో ఒకాయన 1997 నుంచి 2017 దాకా అవే రెండు రోడ్ల మీద కారు నడిపి, అద్దానికి కొట్టుకున్న పురుగుల్ని లెక్కపెట్టాడు. అవీ బాగా తగ్గాయి, వాటితోపాటు ఆ చుట్టుపక్కల వానకోవెలలూ తగ్గాయి.

మన దేశానికి వస్తే, 2023లో వచ్చిన స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్ నివేదిక 942 జాతుల్ని పరిశీలించింది. దీర్ఘకాలపు ధోరణి చెప్పగలిగినంత సమాచారం 338 జాతులకే దొరికింది, వాటిలో 60 శాతం తగ్గుతున్నాయని తేలింది. దెబ్బ ఎక్కువ తగిలిన వర్గాల్లో పురుగులు తినేవి ఉన్నాయి. ఈ లెక్కలు వేలమంది మామూలు మనుషులు రాసి పెట్టిన చూపుల నుంచి వచ్చినవే.

జ్ఞాపకాలంటారా, కారు అద్దం పరీక్ష మనమూ చేసుకోవచ్చు. నా చిన్నప్పుడు రాత్రిపూట గుంటూరు నుంచి తెనాలి బండి మీద వస్తే కళ్లలో, నోట్లో పురుగులు పడేవి. రుమాలు కట్టుకోకుండా వచ్చేవాళ్లం కాదు. ఇప్పుడు హెల్మెట్ అద్దం ఎత్తి మరీ వస్తున్నాను.

పురుగు మందు కొట్టిన పొలంలో పురుగు తిని పిట్ట చచ్చిపోతుందా?

చావొచ్చు. పాత ఆర్గానోఫాస్ఫేట్ మందులు, గుళికల మందులు నేల మీద ఏరుకు తినే పిట్టల్ని నేరుగా చంపిన సంగతి పొలం పని చేసినవాళ్లందరికీ తెలుసు. అయితే గాల్లో తినే పిట్ట విషయంలో ఇంతకన్నా పెద్ద దెబ్బ వేరే ఉంది, అది ఎవరికీ కనపడదు. చచ్చిన పిట్ట గట్టు మీద పడి ఉంటే ఫొటో తీస్తాం. తిండి లేక ఐదు పిల్లల బదులు ఇద్దరినే పెంచిన పిట్టకి ఫొటో ఏముంటుంది?

ఇది ఒకసారి మా బాబాయిని అడిగాను. "ఏం బాబాయ్, మన పోలిగాళ్లేవి, కనపడట్లేదేంటి?" ఆయన తల కూడా ఎత్తకుండా, "పురుగుంటే గదరా పిట్ట" అన్నాడు. ఈ పేజీ అంతా ఆ ముక్కకి వివరణ అనుకోండి.

మనం మందు కొట్టేది తామర పురుగు మీద, తెల్లదోమ మీద, లద్దె పురుగు మీద. పిట్ట తినేది మాత్రం వాటినొక్కటే కాదు. బురద నీళ్లలో పుట్టే సన్న దోమలు, పేడ ఈగలు, తూనీగలు, రెక్కల చీమలు, ఉసిళ్లు, కలుపు పూల మీద తిరిగే పేరు లేని చిన్న ఈగలు దాని కడుపు నింపుతాయి. పంటకి లాభమూ నష్టమూ చేయని ఈ మంద గురించి ఏ డబ్బా మీదా రాసి ఉండదు. అందుకే అది పోయినా మనకి తెలియదు.

విత్తనానికి పట్టించే మందు గింజ లోపలే ఉంటుంది కదా, పిట్టకేం నష్టం?

లోపలే ఉండిపోతే ఇంత గొడవ లేదు. ఇమిడాక్లోప్రిడ్, థయోమిథాక్సామ్ లాంటివి నీళ్లలో తేలిగ్గా కరుగుతాయి. మొక్క పీల్చుకునేది కొంతే, మిగిలింది మట్టిలో ఉండి, నీటితో బోదెలోకి, బోదె నుంచి కాలువలోకి పోతుంది. నీళ్లలో పెరిగే సన్న దోమల పిల్లలకి ఈ మందులంటే అస్సలు పడదు, అతి తక్కువ మోతాదుకే చస్తాయి.

నెదర్లాండ్స్‌లో దీని మీద 2014లో ఒక పరిశోధన వచ్చింది. కాలువల నీటిలో ఇమిడాక్లోప్రిడ్ లీటరుకి 20 నానోగ్రాములు దాటిన చోట, పురుగులు తినే పక్షులు ఏడాదికి సగటున 3.5 శాతం చొప్పున తగ్గుతూ వచ్చాయి. నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లో వంతు. మందే చంపిందని అది రుజువు చేయలేదు, రెండూ కలిసి నడిచాయని చూపించింది. అయినా వేరే కారణాలు లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ సంబంధం చెక్కుచెదరలేదు. యూరప్ 2018లో ఇలాంటి మూడు మందుల్ని ఆరుబయటి పంటల్లో వాడకుండా ఆపేసింది. అందుకు ముఖ్య కారణం తేనెటీగలు, పిట్టలు కాదు.

మనవి కూడా కాలువల పొలాలే. ప్రకాశం బ్యారేజీ దగ్గర వదిలిన నీళ్లు బందరు కాలువ, ఏలూరు కాలువ, కొమ్మమూరు కాలువ పట్టుకుని ఊరూరూ తిరుగుతాయి. పై పొలంవాడు కడిగిన స్ప్రేయరు నీళ్లు కింది పొలంవాడి మడికి వస్తాయి.

మిర్చికి మందు కొట్టకపోతే చెట్టే మిగలదు. పిట్టల కోసం పంట వదులుకోమంటారా?

అనను. గుంటూరులో ఉండి ఆ మాట అనేవాడు మిర్చి యార్డు వైపు తిరగలేడు.

2021లో నల్ల తామర పురుగు దిగినప్పుడు ఏం జరిగిందో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. బయటి దేశం నుంచి వచ్చిన పురుగు, పూతలోనే దూరి కూర్చుంటుంది, పాత మందులకి లొంగలేదు. వారానికోసారి కొట్టేవాళ్లు రెండుసార్లు కొట్టారు, ఒక మందు బదులు మూడు కలిపి కొట్టారు. అయినా తోటలు దున్నేసిన రైతులున్నారు. ఎకరానికి లక్షలు పెట్టి, అందులో కౌలు కూడా కట్టి, రాత్రిళ్లు నిద్రపట్టని టెన్షన్‌లో ఉన్న మనిషికి పిట్టల గురించి పాఠం చెప్పడం పద్ధతి కాదు.

కానీ ఒకటి అడుగుతాను. ఆ ఏడాది కొట్టిన మందులన్నీ పనిచేశాయా? చేయలేదని రైతులే చెబుతారు. పనిచేయని మందు కూడా పక్కనున్న సాలీడుని, అక్షింతల పురుగుని, తేనెటీగని చంపుతుంది. నా గొడవ మందుతో కాదు, వృథాగా పోయిన మందుతో. షాపులో అప్పు మీద తెచ్చుకుంటాం, ఏ మందు కొట్టాలో ఆ షాపులోనే అడుగుతాం. జబ్బు చెప్పేదీ అతనే, మందు అమ్మేదీ అతనే అయినప్పుడు చీటీ పొడుగ్గానే ఉంటుంది.

గుంటూరు పక్కనే లాం ఫారం, అంటే వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది. మిర్చి చుట్టూ రెండు మూడు వరసల జొన్నో మొక్కజొన్నో వేయడం, తామర పురుగుకి నీలం జిగురు అట్టలు పెట్టడం, ఒకే రకం మందు వరసగా కొట్టకపోవడం ఇవన్నీ శాస్త్రవేత్తలు ఏళ్లుగా చెబుతున్నవే. వీటిలో ఒక్కటీ పిట్టల కోసం చెప్పింది కాదు. పెట్టుబడి తగ్గించడానికి చెప్పినవి. పిట్టకి మేలు అందులో కలిసొస్తుంది. జిగురు అట్టలు మాత్రం పంట ఎత్తులోనే కట్టండి, పైకి కడితే చిన్న పిట్టలు వచ్చి అంటుకునే ప్రమాదం ఉంది.

వరి పొలం ఈ పిట్టలకి మంచిదా, చెడ్డదా?

నా లెక్కలో మన డెల్టాలో వీటికి మిగిలిన పెద్ద ఆసరా వరి పొలమే. దమ్ము చేసిన మడిలో నీళ్లు నిలవగానే సన్న దోమలు పుడతాయి. వాటి వెనక తూనీగలు. సాయంత్రం పూట నాటు వేసిన మడుల మీద వానకోవెలలు నీళ్లని తాకీ తాకనట్టు తిరిగేది ఆ దోమల కోసమే. నీళ్లలో పుట్టి పైకెగిరే పురుగుల్లో పిట్టపిల్లల ఎదుగుదలకి కావాల్సిన ఒమేగా-3 కొవ్వు నేల పురుగుల్లో కన్నా ఎక్కువగా ఉంటుంది. ఈ కొవ్వు బాగా అందిన వానకోవెల జాతి పిల్లలు వేగంగా, బలంగా పెరిగాయని అమెరికాలో 2016లో తేల్చారు. అంటే కాలువ, మడి, గుంట ఇవి ఉత్త నీళ్లు కాదు, పిట్టపిల్లకి పాలడబ్బా.

చెడు ఎక్కడ మొదలవుతుందంటే, దోమపోటు భయం దగ్గర. దోమపోటు తెచ్చే సుడిదోమ మనుషుల్ని కుట్టేది కాదు, వరి దుబ్బు రసం పీల్చేది. అది ఒకటీ అరా కనపడగానే కొట్టేస్తాం. అందులోనూ సింథటిక్ పైరిథ్రాయిడ్ మందు కొడితే దోమ తగ్గదు, పెరుగుతుంది. ఎందుకంటే దోమని తినే సాలీళ్లు, మిరిడ్ నల్లులు ముందు చస్తాయి, దోమ గుడ్లు మాత్రం ఆకు తొడిమల్లో భద్రంగా ఉంటాయి. పది రోజులకి కొత్త దోమ పుట్టేసరికి దాన్ని తినేవాడు లేడు. మళ్లీ కొట్టాలి. ఇది నేను కొత్తగా కనిపెట్టింది కాదు, ఎన్నో దేశాల వరి రైతులు డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నది. నాటేటప్పుడు ప్రతి రెండు మీటర్లకీ 20 సెంటీమీటర్ల కాలిబాట వదలడం, దుబ్బు మొదట్లో దోమల్ని లెక్కపెట్టాకే నిర్ణయించుకోవడం, అవసరమైతే మడి ఆరగట్టడం, ఈ మూడూ చేసేవాళ్లు ఒకటి రెండు మందులు మిగుల్చుకుంటున్నారు.

వరి కోశాక మినుము మీద కూడా వానకోవెలలు బాగా తిరుగుతాయి. జనవరి పొద్దున మంచు విడుస్తుండగా చూడాలి.

పసుల పోలిగాడికి ఆ పేరెందుకు? పసులతో ఏం పని?

పేరులోనే ఉంది. గేదె మేస్తూ నడిస్తే గడ్డిలోంచి మిడతలు, చిమ్మటలు లేస్తాయి. దాని వీపు మీద కూర్చున్న పిట్టకి వేట ఇంటికే వచ్చినట్టు. పేడలో ఈగలు, పేడ పురుగులు. పెంటకుప్ప దగ్గర ఇంకా ఎక్కువ. మన ఊళ్లలో అరకలు పోయి ట్రాక్టర్లొచ్చాయి. దున్నేటప్పుడు ట్రాక్టరు వెనకా కొంగలు, పోలిగాళ్లు వస్తాయి, కాదనను. కానీ ట్రాక్టరు ఏడాదిలో నాలుగు రోజులు తిరుగుతుంది. గేదె రోజూ మేసేది.

యూరప్‌లో పాడి మానేసిన పల్లెల్లో వానకోవెలలు తగ్గిపోవడాన్ని డెన్మార్క్ పరిశోధకులు రాశారు. ఇంగ్లండులో చూస్తే పశువులు మేసే బీళ్ల మీద ఎగిరే పురుగులు ధాన్యం పొలాల మీదకన్నా బాగా ఎక్కువ. ఇక్కడ మనకి బీళ్లు పోయాయి, కొన్నిచోట్ల ప్లాట్లయ్యాయి. ఉన్న గేదెలు షెడ్డులో కట్టేసి ఉంటున్నాయి. పశువులకి పరాన్నజీవుల కోసం వేసే ఐవర్మెక్టిన్ లాంటి మందులు పేడలోంచి బయటికొచ్చి పేడ పురుగుల్ని కూడా దెబ్బతీస్తాయి. అవసరం లేకుండా వేయించకపోవడం మేలు.

పేరులో పసులు మిగిలాయి, వీపు ఎక్కడానికి పసులు లేవు. పాపం, అది కరెంటు తీగకి అలవాటు పడింది.

తాటిచెట్టుకీ పిట్టకీ ఏం సంబంధం?

తాటిచెట్టు పోతే పూర్తిగా పోయే పిట్ట ఒకటుంది. పామ్ స్విఫ్ట్. పదీ పన్నెండు గ్రాముల బరువు. కిందికి వేలాడే ఎండిన తాటి మట్ట అడుగున, తన ఉమ్మితో ఈకలు, దూది పింజలు అతికించి అరచేతిలో పట్టేంత గూడు కడుతుంది. పగలంతా గాల్లోనే తిరిగి చీకటి పడే వేళకి ఆ మట్టల్లోకి దూరుతుంది. గట్టు మీద వరసగా నాలుగు తాడిచెట్లుంటే, సాయంత్రం ఐదున్నరకి వాటి కింద నిలబడి పైకి చూడండి, కీచుమనే సన్నటి అరుపులు వినపడతాయి.

మనకి తాళ్లంటే దూలాలు, ముంజలు, కల్లు. పొలం ధర పెరిగాక గట్టు మీది తాడి నీడ కూడా నష్టమే అనిపిస్తోంది. లే-అవుట్ వేస్తే మొదట పడేవి అవే. తాడి కాపుకి రావడానికి పన్నెండు పదిహేనేళ్లు పడుతుంది. కొట్టాక మళ్లీ నాటుదామనుకోవడం మన వయసుకి కుదిరే బేరం కాదు. కొట్టకుండా ఉంచితే చాలు, దానికి ఎరువూ అక్కర్లేదు. ఇంకో చిన్న సంగతి: ఎండిన మట్టలన్నీ ఒకేసారి నున్నగా కొట్టించకండి. కొన్ని వేలాడనివ్వండి.

గడ్డి తగలబెట్టినప్పుడు పిట్టలు గుంపులుగా వస్తాయి. అంటే వాటికి మంచిదేగా?

ఆ పూటకి విందు. మంటకి లేచిన మిడతల్ని, చిమ్మటల్ని పోలిగాళ్లూ పసిరికలూ గాల్లోనే పట్టేస్తాయి. వారం తర్వాత అదే పొలానికి వెళ్లి చూడండి, ఒక్కటి ఉండదు. ఆ సీజనుకి పుట్టాల్సిన పురుగు గుడ్లతో సహా కాలిపోయింది.

చేపల చెరువులు, రొయ్యల చెరువుల మీద కూడా వానకోవెలలు కనిపిస్తాయి కదా?

కనిపిస్తాయి. నీళ్లున్న చోట సన్న దోమలు పుడతాయి. కైకలూరు వైపు చేపల చెరువుల మీద చలికాలంలో బాగానే తిరుగుతాయి. ఐతే చెరువు గట్టు మీద చెట్టుండదు, గడ్డి కూడా మందుతో మాడ్చేస్తారు, గూడుకి చోటుండదు. తిండి కొంత ఉండి ఇల్లు లేని ఊరు అనుకోండి. కొంగలు రాకుండా కట్టే సన్న వలల్లో చిన్న పిట్టలు చిక్కుకుని చావడం మరో గోల. వల కట్టక తప్పకపోతే కంటికి కనపడే రంగుది, బిగుతుగా కట్టండి.

సెల్ టవర్ల వల్ల కాదా?

టవర్ల రేడియేషన్ వల్ల పిట్టలు తగ్గాయనడానికి గట్టి ఆధారం దొరకలేదు. తిండికీ గూటికీ ఉన్న ఆధారాలు బోలెడు. టవరు మీద నెపం వేయడం మనకి సుఖం, ఎందుకంటే అది మనది కాదు.

ప్రకృతి వ్యవసాయం చేస్తే పిట్టలు తిరిగొస్తాయా?

ఒక ఎకరం చేస్తే రావు, వచ్చినా నిలవవు. వానకోవెల ఒక పూటలో తిరిగేది మైళ్లు. ఒక పొలంలో పురుగు పెరిగితే దానికి అది దారిలో టీ కొట్టు లాంటిది. ఊరంతా కలిస్తే లెక్క వేరు.

రసాయన మందులు, ఎరువులు లేని ఈ సాగు మన రాష్ట్రంలో 2016 నుంచి ప్రభుత్వానికి చెందిన రైతు సాధికార సంస్థ ద్వారా నడుస్తోంది. ఆ సంస్థ కార్యాలయం గుంటూరులోనే ఉంది. ఘనజీవామృతం అనే పేడ ఎరువుకి ఆవు కావాలి, ఆవుంటే పేడ, పేడుంటే ఈగలు, అంటే పిట్టకి మేత. తొలకరికి ముందే నవధాన్యాలు చల్లడం నాకు బాగా నచ్చిన పని. మే నెలలో బీడుగా మాడే నేల మీద పచ్చదనం, పూలు, వాటి మీద పురుగులు ఉంటాయి. చాలా పిట్టలు పిల్లల్ని పెంచే కాలం కూడా అదే. జనుము, జీలుగ, పిల్లిపెసర వేసి పూత దశ దాకా ఉంచినా ఇదే లాభం.

ఒక జాగ్రత్త. కషాయం అన్నంత మాత్రాన అమాయకం కాదు. నీమాస్త్రం, అగ్నిఅస్త్రం కూడా పురుగుల్ని అదుపు చేయడానికే. వారానికోసారి అలవాటుగా కొడితే అదీ మందు కొట్టినట్టే.

ఈ పిట్టల వల్ల పంటకి లాభం ఎంత? తేనెటీగల్ని తినేస్తాయి కదా?

రూపాయల్లో చెప్పమంటే చెప్పను, చెప్పేవాళ్లని నమ్మొద్దు. రెక్కల పురుగుల్ని, కాండం తొలిచే పురుగు చిమ్మటల్ని, మిడతల్ని తింటాయి, నిజమే. మేలు చేసే తూనీగల్నీ తింటాయి. పిట్టకి మన మిత్రపురుగు, శత్రుపురుగు పట్టిక తెలియదు. పసిరిక తేనెటీగల్ని తింటుంది. పెట్టెల్లో తేనెటీగలు పెంచేవాళ్లకి చలికాలంలో చికాకే. పెట్టెల్ని తీగలకీ ఎండు కొమ్మలకీ దూరంగా, చెట్ల నీడలో పెడితే కొంత తగ్గుతుంది. తేనెటీగలకి అసలు ముప్పు పూత మీద కొట్టే మందు అని పెంచేవాళ్లే చెబుతారు.

పొలంలో పక్షి స్థావరాలు పాతితే పనిచేస్తాయా?

పోలిగాడికి, పసిరికకి బాగా పనిచేస్తాయి. వాటి వేట పద్ధతే కూర్చుని చూసి ఎగరడం. ఎకరానికి పది నుంచి ఇరవై దాకా, పంటకన్నా రెండు మూడు అడుగుల ఎత్తులో టీ ఆకారపు కర్రలు చాలు. కంది కట్టె, సరుగుడు ముక్క ఏదైనా సరే. వానకోవెలకి, స్విఫ్టుకి వీటితో పనిలేదు. గింజ పాలు పోసుకునే దశలో తీసేయండి, లేకపోతే గింజ తినే పిట్టలు అదే కర్ర వాడుకుంటాయి.

పాలపిట్ట కూడా ఈ జాబితాలోదేనా?

పూర్తిగా కాదు. ఎత్తున కూర్చుని ఎక్కువగా నేల మీది పురుగుల్ని పడుతుంది. కానీ దాని కష్టం ఇదే కష్టం. 2023 నివేదికలో మామూలు పక్షే అయినా వేగంగా తగ్గుతున్నవాటిలో దీన్ని చూపించారు. మనం దసరా రోజు ఊరి బయటికెళ్లి దాన్ని చూసి దండం పెట్టుకుంటాం. 2018లో మన రాష్ట్ర పక్షి రామచిలుక అయింది, పాలపిట్ట తెలంగాణకి ఉండిపోయింది. పిట్టకి ఈ విభజన సంగతి తెలియదు లెండి.

నేను కౌలు రైతుని. చెట్టు నాటే హక్కు కూడా లేదు. నావల్ల ఏమవుతుంది?

స్ప్రేయరు కాలువలో కడగకండి, గట్టు మీదే, నీళ్లకి దూరంగా కడగండి. గట్టు గడ్డిని మందుతో మాడ్చకుండా కొడవలితో కోయండి, కోసింది గేదెకి పనికొస్తుంది. మందు కొట్టే ముందు మడిలోకి దిగి పురుగుల్ని లెక్కపెట్టండి. డ్రోన్‌తో కొట్టించేటట్టయితే గాలి లేని వేళ చూడండి, పక్క పొలం మీదికి, కాలువ మీదికి పోకుండా ఉంటుంది. ఇంతకన్నా మిమ్మల్ని అడగడం న్యాయం కాదు. మిగతాది కౌలు డబ్బు తీసుకునే పొలం యజమానులు, మద్దతు ధర ఇచ్చేవాళ్లు, మందులకి అనుమతిచ్చేవాళ్లు చేయాలి.

మాకు పొలం లేదు, బెజవాడలో అపార్టుమెంటులో ఉంటాం.

మీ భవనం కింద, పార్కింగులో స్విఫ్టులు గూళ్లు పెడితే రంగులు వేసేటప్పుడు కొట్టేయించకండి, పిల్లలు ఎగిరేదాకా ఆగండి. రెట్ట పడుతుందనుకుంటే కింద ఒక అట్ట కట్టండి. ఎదిగిన స్విఫ్టు ఎప్పుడైనా నేల మీద పడి ఉంటే, దెబ్బ తగలకపోతే, దానికి లేవడం చేతకాక ఉండొచ్చు. గాల్లోకి విసరకండి. తెరిచిన అరచేతిలో పెట్టుకుని డాబా మీద ఎత్తుగా పట్టుకోండి, సత్తువ ఉంటే అదే ఎగిరిపోతుంది.

లెక్కపెట్టడం మొదలుపెట్టాలంటే ఎక్కడ, ఎప్పుడు?

ఫోనులో ఈబర్డ్ అనే, చూసిన పిట్టల్ని రాసిపెట్టే యాప్ వేసుకోండి. ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతా కలిసి చేసే లెక్కింపు ఉంటుంది, పావుగంట చూసి రాసినా చాలు. దానికన్నా ముందు, అక్టోబరు చివర్లో ఒక సాయంత్రం కొమ్మమూరు కాలువ గట్టు మీదికి వెళ్లండి. రెండు కరెంటు స్తంభాల మధ్య తీగ మీద ఎన్ని వానకోవెలలున్నాయో లెక్కపెట్టి, తేదీ వేసి రాసుకోండి. వచ్చే ఏడాది అదే వారం, అవే రెండు స్తంభాలు. నేను తొమ్మిదేళ్లుగా అలాగే చేస్తున్నాను. పోయినేడు వెళ్లేసరికి ఆ రెండింటిలో ఒక స్తంభం తీసేసి రోడ్డు వెడల్పు చేశారు, పక్క స్తంభంతో మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాను.